ఫోన్ నంబర్ ఇవ్వకుండా చాట్: ఫోన్‌లో ఈమాక్స్, ఈమాక్స్‌లో ఐఆర్‌సీ

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. కమాండ్లు పలికినట్టే తెలుగులో ఇచ్చాం. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.)

00:00 ఎందుకు ఇదంతా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి చూస్తున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి స్పెషల్‌గా ఇది. మీలో చాలామందికి ల్యాప్‌టాప్ లేదు. ఉన్న కంప్యూటర్ చేతిలో ఫోనే. ఆ ఫోన్‌లోనే కోడింగ్ నేర్చుకుంటున్నారు. డౌట్ వస్తే ఏం చేస్తారు? ఏదో ఒక గ్రూప్‌లో చేరతారు. కొన్ని గ్రూపుల్లో చేరగానే మీ నంబర్ అందులో ఉన్న వందల మందికి కనిపిస్తుంది. ముఖ్యంగా అమ్మాయిలకి ఇది ఎంత తలనొప్పో నేను చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండింటికి తెలియని నంబర్ నుంచి "హాయ్" అని మెసేజ్. దాంతో గ్రూప్ వదిలేస్తారు, చదువు కూడా అక్కడే ఆగిపోతుంది.

ఇవాళ చెప్పేది ఫోన్ నంబర్ అడగని చాట్ గురించి. పేరు ఐఆర్‌సీ. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీలో యార్కో ఓయికరినెన్ అనే ఆయన రాశాడు. 1991లో సోవియట్ యూనియన్‌లో తిరుగుబాటు జరిగినప్పుడు అక్కడి కబుర్లు బయటి ప్రపంచానికి దీని ద్వారా కూడా చేరాయి. పాతదే, కానీ ఇప్పటికీ నడుస్తోంది. చాలా ఫ్రీ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళు నేటికీ ఇక్కడ దొరుకుతారు. మీరు వాడే ప్రోగ్రామ్‌ని రాసిన మనిషినే నేరుగా అడగొచ్చన్నమాట.

01:50 టెక్స్ట్ ఎడిటర్‌లో చాట్ ఏంది?

ఈమాక్స్ అంటే టెక్స్ట్ ఎడిటర్. గ్నూ ఈమాక్స్‌ని రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టాడు, 1985 నుంచి జనంలో ఉంది. దాని లోపలే ఈఆర్‌సీ అని ఒక చాట్ ప్రోగ్రామ్ ఉంటుంది. 2007లో వచ్చిన ఈమాక్స్ 22 నుంచి అది ఎడిటర్‌తోపాటే వస్తోంది, వేరేగా వేసుకోనక్కర్లేదు. లాభం ఏంటంటే, ఒక పక్క కోడ్, ఒక పక్క చాట్. ఎర్రర్ రాగానే యాప్ మార్చకుండా అక్కడే అడగొచ్చు.

ఇక డేటా సంగతి. ఐఆర్‌సీలో ఒక లైన్ ఎంత పెద్దదైనా 512 బైట్లు దాటదు. అంటే 1 ఎంబీలో సుమారు 2,000 నిండు లైన్లు పడతాయి. ఎన్‌క్రిప్షన్‌కి ఇంకొంచెం కలుపుకోండి, అంతే. ఫొటోల్లేవు, స్టేటస్‌ల్లేవు. కొత్తగూడ, గంగారం వైపో, మహాముత్తారం, పలిమెల వైపో ఒక్క గీత సిగ్నల్ మీద ఉన్నా పని నడుస్తుంది.

03:00 వేసుకోవడం

ముందు ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ అనే యాప్ వేసుకోండి. తెరిస్తే నల్ల స్క్రీన్ వస్తుంది, భయపడకండి. "పీకేజీ అప్‌డేట్" అని కొట్టి ఎంటర్ నొక్కండి. అది అయ్యాక "పీకేజీ ఇన్‌స్టాల్ ఈమాక్స్". డౌన్‌లోడ్ పెద్దదే, కాబట్టి ఈ ఒక్క పని వైఫై ఉన్నచోట చేసుకోండి. అయిపోయాక "ఈమాక్స్" అని కొడితే ఎడిటర్ తెరుచుకుంటుంది.

కీబోర్డ్ పైన ఎస్కేప్, కంట్రోల్, ఆల్ట్ అని బటన్లు కనిపిస్తాయి. అవి టెర్మక్స్ ఇచ్చినవి. మూడు సంగతులు గుర్తుంటే చాలు. ఎక్కడైనా ఇరుక్కుపోతే కంట్రోల్-జీ. స్క్రీన్ రెండు ముక్కలై ఇబ్బంది పెడితే కంట్రోల్-ఎక్స్, తర్వాత 1. బయటికి రావాలంటే కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-సీ.

04:10 కనెక్ట్ అవ్వడం

ఎస్కేప్ ఒకసారి నొక్కి వదిలి, ఎక్స్ నొక్కండి. కింద చిన్న లైన్ వస్తుంది. అక్కడ "ఈఆర్‌సీ-టీఎల్‌ఎస్" అని కొట్టి ఎంటర్. చివర టీఎల్‌ఎస్ మర్చిపోకండి, మీ ఫోన్ నుంచి సర్వర్ దాకా మాటల్ని తాళం వేసి పంపేది అదే.

ఒక్కొక్కటే అడుగుతుంది. సర్వర్ అంటే "ఐఆర్‌సీ డాట్ లిబెరా డాట్ చాట్". పోర్ట్ అడిగితే 6697. నిక్‌నేమ్ మీ ఇష్టం, కానీ అసలు పేరు, ఊరు పేరు, పుట్టిన సంవత్సరం పెట్టకండి. పాస్‌వర్డ్ అడిగితే ఇప్పటికి ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టండి.

చాలా లైన్లు గబగబా వస్తాయి. అది సర్వర్ పలకరింపు. ఆగాక "స్లాష్ జాయిన్", ఒక స్పేస్, "హాష్ ఈఆర్‌సీ" అని కొట్టండి. ఛానెల్‌లోకి వచ్చేశారు. ఛానెల్ అంటే గది అనుకోండి. ఒక్కో ఛానెల్‌కి ఈమాక్స్‌లో ఒక్కో బఫర్ ఉంటుంది. కంట్రోల్-ఎక్స్, తర్వాత బీ నొక్కి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళొచ్చు. గది వదలాలంటే స్లాష్ పార్ట్, మొత్తం వదలాలంటే స్లాష్ క్విట్.

05:40 పేరు మీదే అని రాయించుకోవడం

కొన్ని ఛానెళ్ళు పేరు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళనే రానిస్తాయి. దానికి "స్లాష్ ఎంఎస్‌జీ నిక్‌సర్వ్ రిజిస్టర్", తర్వాత పాస్‌వర్డ్, తర్వాత ఈమెయిల్. మెయిల్‌కి వచ్చిన కోడ్‌ని అందులో చెప్పినట్టు తిరిగి పంపాలి. ఇక్కడ జాగ్రత్త. స్లాష్ ముందు ఒక్క స్పేస్ పడినా అది కమాండ్ కాదు, మామూలు మెసేజ్. మీ పాస్‌వర్డ్ ఛానెల్‌లో అందరి ముందు పడుతుంది. అందుకే ఈ కమాండ్‌ని ఛానెల్‌లో కాకుండా సర్వర్ బఫర్‌లో కొట్టండి. వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి.

06:30 ఏది దాగుతుంది, ఏది దాగదు

నంబర్ అడగదు అన్నాను గానీ, ఎవరికీ కనపడం అనలేదు. మీ ఐపీ అడ్రస్ తోటివాళ్ళకి కనిపించొచ్చు. దాన్ని కప్పడానికి క్లోక్ ఉంటుంది. పేరు రిజిస్టర్ అయ్యాక "హాష్ లిబెరా" ఛానెల్‌లో అడిగితే చెబుతారు. పబ్లిక్ ఛానెల్‌లో రాసింది ఎవరైనా సేవ్ చేసుకోవచ్చు, కొన్ని ఛానెళ్ళ లాగ్‌లు నెట్‌లోనే ఉంటాయి. ప్రైవేట్ మెసేజ్ కూడా మామూలుగా సర్వర్ చదవలేనంత రహస్యం కాదు. కాబట్టి చదువు, కోడ్ మాట్లాడండి. ఇంటి విషయాలు వద్దు. ఎవరైనా ఇబ్బంది పెడితే "స్లాష్ ఇగ్నోర్", వాళ్ళ పేరు. అయిపోయింది.

07:20 అడిగే పద్ధతి

"ఎవరైనా ఉన్నారా? ఒక డౌట్ అడగొచ్చా?" అని అడగొద్దు. నేరుగా డౌట్ రాసేయండి. ఏం చేశారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది, ఈ మూడూ చెప్పండి. ఇంగ్లిష్ తప్పులు ఎవరూ లెక్కపెట్టరు, అక్కడ సగం మందికి అది సొంత భాష కాదు. ఎర్రర్ ఇరవై లైన్లు ఉంటే ఛానెల్‌లో గుమ్మరించకండి, పేస్ట్ సైట్‌లో పెట్టి లింక్ ఇవ్వండి. జవాబు పది నిమిషాలకి రావొచ్చు, రెండు గంటలకి రావొచ్చు. మనకి సాయంత్రం అయితే యూరప్‌లో మధ్యాహ్నం, అమెరికాలో పొద్దున. ఆ టైమ్‌లో జనం ఎక్కువ.

మీరు లేనప్పుడు వచ్చిన మెసేజ్‌లు తర్వాత కనిపించవు. అందుకని టెర్మక్స్ నోటిఫికేషన్‌లో వేక్‌లాక్ అని ఉంటుంది, అది నొక్కి ఉంచండి, లేకపోతే ఫోన్ మధ్యలో ఆపేస్తుంది. జనగామ నుంచి కాజీపేట రైల్లో పోతుంటే కనెక్షన్ తెగొచ్చు. ఈఆర్‌సీ తనే మళ్ళీ ప్రయత్నిస్తుంది. కుదరకపోతే "స్లాష్ రీకనెక్ట్" కొట్టండి.

08:30 తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. కానీ లెక్క తెలుసుకోండి. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "తెలుగు" అనే మాటలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. 512 బైట్ల లైన్‌లో 170 గుర్తులు కూడా పట్టవు. పొడుగైతే ఈఆర్‌సీ తనే ముక్కలు చేసి పంపుతుంది. టెర్మక్స్‌లో మాత్రం ఒత్తులు, గుణింతాలు చెదిరి కనిపిస్తాయి. ల్యాబ్‌లో కంప్యూటర్ దొరికితే ఈమాక్స్‌లో తెలుగు చక్కగా వస్తుంది. టైప్ చేయడానికి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కూడా అందులోనే ఉంది.

09:10 చివరి మాట

2021 మే వరకు ఈ జనంలో చాలామంది ఫ్రీనోడ్ అనే నెట్‌వర్క్‌లో ఉండేవాళ్ళు. దాని యాజమాన్యం మీద గొడవ వచ్చి, నడిపేవాళ్ళు బయటికొచ్చి లిబెరా చాట్ పెట్టారు. ఎన్నో ప్రాజెక్టులు వారాల్లోనే అటు మారిపోయాయి. ఎవరూ కొత్త యాప్ నేర్చుకోలేదు, అడ్రస్ ఒక్కటే మార్చుకున్నారు. ఎందుకంటే ఐఆర్‌సీ ఒక కంపెనీ సొత్తు కాదు, ఎవరైనా వాడుకోగల పద్ధతి. ఇవాళ మీరు నేర్చుకున్నది రేపు ఏ సర్వర్ మూతపడినా వృథా కాదు.

ఈ రాత్రి చేయాల్సింది ఒక్కటే. "హాష్ ఈఆర్‌సీ"లోనో "హాష్ ఈమాక్స్"లోనో చేరి అరగంట ఊరికే చదవండి. రేపు ఒక్క డౌట్ అడగండి. ఉంటాను, నమస్తే.