హొగెనకల్ వెళ్లే ముందు ఈ ఒక్క నంబర్ చూడండి

ఈరోజు హొగెనకల్ గురించి మాట్లాడుకుందాం. తమిళనాడు ధర్మపురి జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దగ్గర కావేరి పాయలుగా చీలి రాళ్ల మీంచి దూకే చోటు ఇది. బెంగళూరులో పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు.

కన్నడలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. మన పాలు వాళ్లకి హాలు, మన పులి హులి అయినట్టే మన పొగ హొగె అయింది. నీళ్లు రాళ్ల మీద పడి లేచే తుంపర నిజంగానే పొగలా ఉంటుంది.

పుట్టి ఎక్కి ఆ రాతి గోడల మధ్య తిరగడమే అసలు మజా. కానీ నేను మొదటిసారి ఆగస్టులో వెళ్లాను. ఎండ కాస్తోంది, చినుకు కూడా లేదు. అయినా పుట్టీలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. మాకు ఒళ్లు మండింది. నేనూ మా ఫ్రెండూ సెల్ఫీ కోసం కిందున్న బండ మీదికి దిగాం. పుట్టి నడిపే పెద్దాయన కేకేసి పైకి రప్పించారు. "వానెక్కడుంది తాతా?" అంటే, "ఇక్కడ కాదు బాబూ, పైన పడింది" అన్నారు. గంట తిరిగేసరికి ఆ బండ కనిపించలేదు. నీళ్లలో మునిగిపోయింది.

ఆయన అన్న పైన అంటే కొడగు, వయనాడు కొండలు. అక్కడ వానలు దంచితే కేఆర్ఎస్, కబిని డ్యాములు నిండుతాయి, గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్లు తర్వాత ఇక్కడికి చేరతాయి. లోయ ఇరుకు కదా, పక్కలకి పరుచుకునే చోటు లేక మట్టం పైకి లేస్తుంది. అందుకే ఇక్కడి ఆకాశం చూసి నదిని అంచనా వేయకూడదు.

మరి ఏం చూడాలి? క్యూసెక్కులు. హొగెనకల్‌కి ఎగువన బిలిగుండ్లు దగ్గర ప్రవాహం కొలుస్తారు, ఆ లెక్క వార్తల్లో వస్తుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. 10,000 క్యూసెక్కులంటే సెకనుకి 2.8 లక్షల లీటర్లు! వరదల్లో లక్ష క్యూసెక్కులు దాటిన రోజులూ ఉన్నాయి. ప్రవాహం పెరిగితే అధికారులు పుట్టీలు, స్నానాలు ఆపేస్తారు.

కాబట్టి బయల్దేరే రోజు పొద్దున ఫోన్‌లో ఆ నంబర్ చూడండి. పెరుగుతోందంటే ప్లాన్ మార్చుకోండి. పుట్టి ఎక్కితే లైఫ్ జాకెట్ విప్పొద్దు. అక్కడివాళ్లు దిగొద్దంటే దిగొద్దు. ఆ రోజు ఆ కేక వినకపోతే ఈ వీడియో చేయడానికి నేను ఉండేవాణ్ని కాదేమో. ఉంటా మరి, జాగ్రత్తగా వెళ్లి రండి.