వేదాద్రి నుంచి విదేశానికి: ఆఫర్ లెటర్ తర్వాత మొదలయ్యే పరీక్ష

గత నెల ఒక ఆదివారం పొద్దున్నే మా వేదాద్రి పక్క పల్లె నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, లండన్‌లో పీహెచ్‌డీకి ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంట్లో చెప్పాలంటే భయమేస్తోంది" అంది. సీటొస్తే భయమెందుకని నేను అడగలేదు. వాళ్ల అమ్మానాన్నలు మిరపకాయలు కోసే కూలీలు. మా అమ్మానాన్నలూ అంతే. నాలుగేళ్ల క్రితం నా భయమూ అదే.

విదేశీ చదువు గురించి మాట్లాడేవాళ్లు ర్యాంకుల గురించి, వీసా గురించి చెబుతారు. మన పేటల్లో పిల్లలకు అసలు అడ్డంకి అంతకుముందే ఉంటుంది. బ్రిటన్ వీసాకు ఖర్చులకు డబ్బుందని చూపించాలి. 2025 జనవరి లెక్క ప్రకారం లండన్‌లో అయితే నెలకు 1,483 పౌండ్లు, బయట అయితే 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు. ఫీజు దీనికి అదనం. జర్మనీ అయితే ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో వెయ్యాలి.

బ్యాంకు రుణం సంగతి చూద్దాం. సాధారణంగా నాలుగు లక్షల దాకా హామీ లేకుండా, ఏడున్నర లక్షల దాకా మరొకరి పూచీతో ఇస్తారు. అది దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. మనవాళ్లలో చాలామందికి ఉన్న ఆస్తి డి పట్టా భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం షెడ్యూల్డ్ బ్యాంకుకు తాకట్టు పెట్టడాన్ని పూర్తిగా మూసెయ్యలేదు. అయినా మా నాన్న కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వెళితే, "ఈ భూమి మాకెందుకండీ, రేపు అమ్ముకోలేం" అన్నారు. కాగితం ఉంది, విలువ లేదు.

అందుకే మనకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ప్రధానమైన దారి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ ఇస్తుంది. ఏడాదికి 125 స్లాట్లు. వాటిలో 115 ఎస్సీలకు, మిగిలినవి సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలు మించకూడదు, వయసు 35 లోపుండాలి, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులుండాలి, క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500 లోపు విశ్వవిద్యాలయంలో సీటు ఉండాలి. 30 శాతం మహిళలకు. దేశం మొత్తానికి ఇంతే. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక అవార్డు లేఖలిచ్చారు. మిగిలినవారికి నిధుల లభ్యతను బట్టి అన్నారు. తరగతులు మొదలయ్యే తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

డబ్బు చాలుతుందా? బ్రిటన్‌లో భృతి ఏడాదికి 9,900 పౌండ్లు, ఇతర ఖర్చులకు 1,100. మొత్తం 11,000. లండన్‌లో తొమ్మిది నెలలకే 13,347 పౌండ్లు కావాలని ఆ దేశమే లెక్క కట్టింది. పైగా నా మొదటి విడత రెండున్నర నెలలు ఆలస్యమైంది. అద్దె అడ్వాన్సు కోసం ఇద్దరు స్నేహితుల దగ్గర అప్పు చేశాను. అన్నం, పచ్చడితో గడిపిన ఆ రోజుల గురించి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

మొదట్లో తెలుగువాళ్ల ఇంట్లో గది దొరికింది. రెండో వారమే "మీ ఇంటిపేరేంటి? జగ్గయ్యపేటలో ఎవరి తాలూకు?" అన్న ప్రశ్నలు వచ్చాయి. సమాధానం చెప్పాక వంట గిన్నెలు వేరయ్యాయి. సముద్రం దాటినా కులం సామాన్లతో పాటే వస్తుంది. కాకపోతే అక్కడ దానిపై పోరాటమూ ఉంది. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష వ్యతిరేక విధానాల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశారు. మీరు చేరే విశ్వవిద్యాలయం నిబంధనల్లో కులం అన్న మాట ఉందో లేదో ముందే చూసుకోండి.

డబ్బు ఆగితే చదువు ఆగడం కొత్త కాదు. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియాకు వెళ్లిన బాబాసాహెబ్, గడువు ముగిసిందని 1917లో లండన్ చదువు మధ్యలోనే వదిలి రావాల్సి వచ్చింది. సిడెనహామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయంతో, మిత్రుడు నావల్ భతేనా అప్పుతో 1920లో తిరిగి వెళ్లారు. 1923లో డీఎస్సీ పట్టా పొందారు. ఆయన పట్టుదలను మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ మూడేళ్లు ఆయన చదువు ఆగిపోయింది పట్టుదల లేక కాదు, డబ్బు లేక.

వెళ్లాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా అనుభవంతో మూడు మాటలు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, పాస్‌పోర్టు సీటు రాకముందే సిద్ధం చేసుకోండి. మొదటి మూడు నెలల ఖర్చును స్కాలర్‌షిప్ మీద పెట్టుకోకండి. ఆలస్యమైతే విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సహాయ నిధిని అడగండి, అడగడం తప్పు కాదు.

ఇక మా చెల్లెలి విషయం. ఆమె ఎంచుకున్న అంశం జగ్గయ్యపేట, నందిగామ మిరప తోటల్లో దళిత మహిళా కూలీల ఆరోగ్యం. 2022 నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. నేను అంతకు ముందే ఎంపికయ్యాను కాబట్టి మా ఊరి డి పట్టా భూములపై పరిశోధన చేయగలుగుతున్నాను. "అన్నయ్యా, నాది ఆరోగ్యం కిందకొస్తుందా, సామాజిక అధ్యయనం కిందకొస్తుందా?" అని అడిగింది. "ఆరోగ్యం అని రాసి దరఖాస్తు పెట్టమ్మా" అన్నాను. "మా అమ్మ గురించి రాయాలంటే ఇంత దాచి రాయాలా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ నిబంధన తీసేయమని, ఎంపికైన ప్రతి ఒక్కరికీ తరగతులకు ముందే నిధులివ్వమని అడగాల్సింది ఆమె ఒక్కతే కాదు, మనమందరం.