పడిన చేనుకు ఫొటోయే సాక్షి

కంకిపాడు: తుపానుకు నేలవాలిన వరిని ఫొటో తీసే రైతులు కొన్ని మెళకువలు పాటించాలి. చేను ఒక్కటే కనిపిస్తే ఎవరిదో తేలదు. గట్టు, తూము, తాటిచెట్టు ఏదో ఒకటి పడాలి. తర్వాత మొలకెత్తిన కంకిని దగ్గరగా తీయాలి. రైతును నిలబెట్టి తీస్తే ఉదయపు ఎండ మేలు; నడినెత్తి ఎండలో కళ్లు నీడలో పడతాయి. తెల్ల తలపాగాను చూసి కెమెరా వెలుగు తగ్గిస్తే ముఖం నల్లబడుతుంది. అందుచేత సెల్‌ఫోను తెరపై ముఖం మీదనే వేలు నొక్కాలి.

చివరిది రాత. పేరు, ఊరు, సర్వే నంబరు, తేదీ లేని ఫొటో మూగది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. పేరు రాయని ఆనాటి ఫొటోలు చూసి ‘వీరు ఫలానా’ అని చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.