చెమట ఆరితేనే ఒంటికి చలువ

వేసవి వచ్చిందంటే మా ఓ.పి.లో తరచుగా వినిపించే మాట ఇది: "రెంటచింతలలో 44 డిగ్రీలట, మన బందరులో 36 మాత్రమేనట. అయినా ఇక్కడే ప్రాణం పోతున్నట్టుంది, ఎందుకండీ డాక్టరుగారూ?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు నీటి ఆవిరిలో ఉన్నది.

నీరు మరిగినప్పుడే ఆవిరి అవుతుందని అనుకుంటాము. కాని చల్లని నీరు కూడ ఆవిరై పైకి పోవాలని చూస్తూనే ఉంటుంది. ఆ తోపునే ఆవిరి పీడనం అంటారు. మీ బి.పి. కొలిచే పాదరసపు మిల్లీమీటర్లలోనే దీనినీ కొలుస్తారు. 20 డిగ్రీల వద్ద ఇది సుమారు 17.5, 30 వద్ద 32, 40 వద్ద 55. 100 డిగ్రీలకు 760 చేరి బయటి గాలి పీడనంతో సమానమవుతుంది గనుక నీరు తెర్లుతుంది. (ఆపరేషను సామానును శుద్ధిచేసే మా ఆటోక్లేవులో 121 డిగ్రీల వద్ద దీనికి రెట్టింపు ఉంటుంది. ఆ సంగతి మరొకసారి.)

ఇక మన ఒంటి సంగతి. ఎండవేళ చర్మం సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. అక్కడి చెమట తోపు 42. గాలిలో ముందే ఉన్న ఆవిరి దానికి అడ్డు తగులుతుంది. బందరులో 36 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న మధ్యాహ్నం ఆ అడ్డు 31. మిగిలిన తేడా 11 మాత్రమే. రెంటచింతలలో 44 డిగ్రీలున్నా, తేమ 20 శాతమే అయితే అడ్డు 14, తేడా 28. అందుకే అక్కడ చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది, ఇక్కడ ధారగా కారుతుంది. లీటరు చెమట ఒంటిమీద ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. నేలమీదికి కారిపోతే ఒంట్లోని నీరు, ఉప్పు పోవడమే గాని చలువ లేదు. అలాగని పొడి ఎండ మంచిదని కాదు. అక్కడ ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు, అంతే.

మే నెలలో మన మందిరాలలో పెండ్లిళ్లు, వి.బి.ఎస్. తరగతులు, రేకుల షెడ్డులో కూటములు జరుగుతాయి. వందలమంది ఊపిరి, చెమట అదే గాలిలో కలుస్తాయి. అటువంటిచోట తలుపులు మూసి కూలర్లు పెట్టడం మాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. కూలరు చేసేది గాలికి తేమ చేర్చడమే. రెండు వైపులా కిటికీలు తెరిచి, ఫ్యాన్లతో ఆ గాలిని బయటికి పంపండి. పెద్దవారిని, పసిబిడ్డలను కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

2015 మే ఎండలకు మన దేశంలో రెండు వేలమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతున్నది గనుక వడదెబ్బ కాదనుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. ఈలోగా నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గట్టిగా విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. పారాసిటమాల్ బిళ్ల జ్వరానికే గాని ఈ వేడికి పనిచేయదు. దానికోసం మందుల షాపుకు పరుగెత్తి సమయం పోగొట్టుకోవద్దు.