ఏ గడియారాన్నీ నమ్మని లెక్క

కంప్యూటర్ మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఒకటుంటుంది. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపించాలి. కంపిస్తుంది, కానీ సరిగ్గా అన్నిసార్లే కాదు. పది లక్షల్లో ఇరవై పాళ్ల తేడా మామూలు స్ఫటికానికి తప్పు కిందికి రాదు. ఆ పాటి తేడాకే రోజు తిరిగేసరికి 1.7 సెకన్లు, నెలకు యాభై సెకన్ల పైచిలుకు పేరుకుంటుంది. గది వేడెక్కితే ఆ నడక మళ్లీ మారుతుంది.

మనిషికి యాభై సెకన్లు లెక్కలోకి రావు, యంత్రానికి వస్తాయి. అథెంటికేటర్ యాప్‌లో ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల సంకేతం టైములోంచే పుడుతుంది. ఫోను, సర్వరు చెరో టైములో ఉంటే సరైన అంకెలు కొట్టినా తలుపు తెరుచుకోదు.

ఈ చిక్కుతో జీవితాంతం కుస్తీ పట్టిన మనిషి డేవిడ్ మిల్స్. 1938లో కాలిఫోర్నియాలో పుట్టారు. పుట్టుకతోనే గ్లకోమా ఉంటే, చిన్నప్పటి ఆపరేషన్ ఎడమ కంటిలో కొంత చూపు నిలబెట్టింది. 1970ల చివర కామ్‌శాట్ అనే ఉపగ్రహ సంస్థలో ఉండగా పీడీపీ-11 మినీకంప్యూటర్ల మీద 'ఫజ్‌బాల్' అనే సాఫ్ట్‌వేర్ రాశారు. ఇంటర్నెట్ తొలి రౌటర్లలో అదొకటి. కొన్ని ఫజ్‌బాల్‌లు కరెంటు ఫ్రీక్వెన్సీనే గడియారంగా వాడుకునేవి. వాడకం పెరిగి 60 హెర్ట్జ్ కాస్త కుంగితే, ఒకే గ్రిడ్ మీదున్నవన్నీ కలిసికట్టుగా వెనకబడేవి! 1985 సెప్టెంబరులో మిల్స్ గడియారాలను కలిపే తన పద్ధతిని నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎన్‌టీపీ, పేరుతో ప్రకటించారు.

టైము అడిగి తెచ్చుకోవడంలో ఇబ్బందేమిటంటే, జవాబు చేరేసరికే అది పాతబడుతుంది. ఎంత పాతబడిందో తెలిస్తే తప్ప జవాబు పనికిరాదు. ఎన్‌టీపీ ఇందుకు నాలుగు టైములు రాసుకుంటుంది. విశాఖలోని ఒక కంప్యూటర్ తన గడియారం ప్రకారం సరిగ్గా పది గంటలకు ఢిల్లీ సర్వర్‌కు ప్యాకెట్ పంపిందనుకుందాం. సర్వర్ తన గడియారం ప్రకారం పది దాటిన 130 మిల్లీసెకన్లకు అందుకుని, 131కి తిప్పి పంపింది. విశాఖ గడియారంలో 61 అయ్యేసరికి జవాబు చేరింది. సర్వర్ దగ్గర ఆగిన ఒక మిల్లీసెకను తీసేస్తే రానుపోను ప్రయాణం 60. పోవడానికి సగం, రావడానికి సగం అంటే 30 చొప్పున. కాబట్టి విశాఖ గడియారం 100 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది.

ఆ 'సగం సగం' అన్నది వట్టి నమ్మకమే. పోయేటప్పుడు 10, వచ్చేటప్పుడు 50 పట్టి ఉంటే అసలు తేడా 120. ఈ నాలుగు అంకెలను ఎంత తిప్పి చూసినా ఆ సంగతి బయటపడదు. లోకంలోని సర్వర్లు కోట్ల కొద్దీ ఈ ఊహ మీదే నడుస్తున్నాయి. ఎన్‌టీపీ గొప్పతనం ఊహించడంలో లేదు, ఆ ఊహ ఎంతవరకు తప్పవచ్చో కూడా లెక్కకట్టి పెట్టుకోవడంలో ఉంది. ఇక్కడైతే 30 మిల్లీసెకన్లకు మించదు.

అందుకే అది ఒక్క సర్వర్ మాటే పట్టుకోదు. నలుగురైదుగురిని అడిగి, ఎక్కువమంది మాట కలిసేచోటు వెతుకుతుంది. టెర్మినల్‌లో ఎన్‌టీపీక్యూ కమాండ్ కొడితే ఆ పంచాయితీ కనిపిస్తుంది: ఎంచుకున్న సర్వర్ పక్కన నక్షత్రం, అబద్ధపు గడియారమని తేలినదాని పక్కన ఇంటూ మార్కు.

తేడా తెలిశాక కూడా తొందరపడదు. ముల్లు వెనక్కి తిప్పితే జరిగిన లావాదేవీ ఇంకా జరగనట్టు కనబడుతుంది. కాబట్టి తేడా 128 మిల్లీసెకన్ల లోపుంటే సెకనుకు అర మిల్లీసెకను మించకుండా గడియారాన్ని జరుపుతుంది. మన 100 మిల్లీసెకన్లకు కనీసం 200 సెకన్లు కావాలి. స్ఫటికం ఎంత తప్పుతోందో ఒక ఫైలులో రాసుకుంటుంది కూడా.

టైము అడిగే తీరు తప్పితే ఏమవుతుందో కూడా ఒకసారి తెలిసొచ్చింది. 2003లో విస్కాన్సిన్-మ్యాడిసన్ విశ్వవిద్యాలయపు టైమ్ సర్వర్ మీద సెకనుకు 2,50,000 ప్యాకెట్లు వచ్చిపడ్డాయి. దాడి అనుకున్నారు. తీరా చూస్తే అవన్నీ నెట్‌గేర్ కంపెనీ ఇంటి రౌటర్లు పంపినవే. వాటి లోపల ఆ ఒక్క చిరునామానే రాసిపెట్టి, జవాబు రాకపోతే సెకనుకోసారి అడగమని చెప్పారు!

మన దేశంలో ప్రామాణిక సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో నిలబెడుతుంది. 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు కంపెనీలను, డేటా సెంటర్లను తమ గడియారాలు ఈ ప్రయోగశాల సర్వర్లతోనో ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) సర్వర్లతోనో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతోనో కలపమన్నాయి. సైబర్ దాడి జరిగాక పది యంత్రాల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూసేవారికి, ఏది ముందో ఏది వెనకో తేలకపోతే దర్యాప్తు అక్కడే ఆగిపోతుంది మరి.

మిల్స్ 2024 జనవరిలో, 85వ ఏట కన్నుమూశారు. ఆయన లెక్కలో ఒక గండం మిగిలే ఉంది. ఎన్‌టీపీ 1900 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కబెడుతుంది, 32 బిట్ల గడిలో. 2036 ఫిబ్రవరి 7న, మన టైము ఉదయం 11:58:16కి, ఆ గడి నిండి సున్నాకు వస్తుంది. సరిగా రాసిన సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది. కానీ చిన్న పరికరాల్లో చాలాచోట్ల వచ్చిన అంకెలోంచి 2,208,988,800 (1900కీ 1970కీ మధ్య సెకన్లు) తీసేసి ఊరుకుంటారు. ఆ తీసివేతను ప్లస్-మైనస్ గుర్తులేని (అన్‌సైన్డ్) 32 బిట్ల అంకెల్లోనే చేసే పాత కోడ్‌కు, అది కూడా చుట్టు తిరగడం వల్ల, సరైన తేదీయే వస్తుంది. ముందుచూపుతో 64 బిట్ల గడి వాడినవారి పరికరాలే 1900కి వెళ్తాయి.