బిందువులు కనిపించని చోట జ్యామితి ఎలా? భవానీపూర్ న్యాయమూర్తి ప్రశ్న నుంచి నేటి పరిశోధన దాకా

కోల్‌కతా: దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్ గుండా సాగే ప్రధాన రహదారికి సర్ ఆశుతోష్ ముఖర్జీ పేరు పెట్టారు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా, కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, ‘బెంగాల్ పులి’గా ఆయన దేశమంతటా ప్రసిద్ధులు. ఆ పదవులేవీ రాకముందు, పాతికేళ్ల ప్రాయంలో ఆయన గణిత పరిశోధకులు. ఒక సమీకరణాన్ని చూసి, అది ఆకారం గురించి ఏమి చెబుతోందో తేల్చే ప్రయత్నం చేశారు. సామాన్య పాఠకుడికి అందనివిగా పేరుబడిన బీజీయ జ్యామితి, నాన్‌కమ్యుటేటివ్ జ్యామితి రెండింటికీ మూలంలో ఉన్నది ఆ ప్రశ్నే.

సమీకరణం వెనుక దాగిన ఆకారం

శంకువును వేర్వేరు కోణాల్లో కోస్తే వృత్తం, దీర్ఘవృత్తం, పరావలయం, అతిపరావలయం ఏర్పడతాయి. వీటిని శాంకవాలు అంటారు. ఈ వక్రరేఖలన్నింటికీ వర్తించే ఒకే అవకలన సమీకరణాన్ని ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ రూపొందించారు. అయితే ఆ సమీకరణానికి జ్యామితీయ అర్థం చెప్పడం మన శక్తికి మించిన పని అని ఇంగ్లండుకు చెందిన జార్జ్ బూల్ అభిప్రాయపడ్డారు.

1880వ దశకం చివర ఆశుతోష్ ఆ అర్థాన్ని వివరించారు. దాని సారాంశం ఇది. ఏదైనా వక్రరేఖపై ఒక బిందువును ఎంచుకుని, అక్కడ ఆ రేఖను అతి దగ్గరగా హత్తుకునే శాంకవాన్ని గీయాలి. దాని కేంద్రాన్ని గుర్తించాలి. బిందువు వక్రరేఖ వెంట కదులుతుంటే సాధారణంగా ఈ కేంద్రం కూడా కదులుతూ మరో రేఖను గీస్తుంది. కానీ మొదట తీసుకున్నది దీర్ఘవృత్తమే అయితే, దాన్ని అన్నిచోట్లా హత్తుకునే శాంకవం అదే. కాబట్టి కేంద్రం కదలదు. కేంద్రం గీయవలసిన రేఖ ఒక్క బిందువుగా కుంచించుకుపోతుంది. మోంజ్ సమీకరణం చెబుతున్న విషయం ఇదేనని ఆయన చూపారు.

ఆకారాన్ని లెక్కల్లో దాచడం

పాఠశాలలో విద్యార్థులు ‘ఎక్స్ వర్గం ప్లస్ వై వర్గం సమానం 25’ అని రాస్తారు. అది అయిదు యూనిట్ల వ్యాసార్ధం గల వృత్తం. 3, 4 అనే జత ఆ సమీకరణానికి సరిపోతుంది కనుక ఆ బిందువు వృత్తంపై ఉంటుంది. ఆకారాలను ఇలా సమీకరణాల ద్వారా అధ్యయనం చేసేదే బీజీయ జ్యామితి.

మరో మెట్టు ఎక్కితే విషయం ఇంకా ఆసక్తికరం. ఒక గోళం ఉపరితలంపై ప్రతి బిందువు వద్ద ఉష్ణోగ్రత ఎంతో తెలిపే పట్టిక ఉందనుకుందాం. అలాంటి పట్టికను గణితంలో ప్రమేయం అంటారు. రెండు ప్రమేయాలను బిందువు వారీగా కూడవచ్చు, గుణించవచ్చు. ఒక ఆకారంపై సాధ్యమయ్యే అవిచ్ఛిన్న ప్రమేయాలన్నీ, వాటి కూడికలూ గుణకారాలూ తెలిస్తే, ఆకారాన్ని చూడకుండానే తిరిగి నిర్మించవచ్చు. గెల్ఫాండ్, నైమార్క్ 1943లో ప్రచురించిన సిద్ధాంతం ఇందుకు ఆధారం. అంటే ఆకారం చేతిలో లేకపోయినా, దాని బీజగణితం ఉంటే చాలు.

క్రమం మారితే ఫలితం మారే లోకం

ఉష్ణోగ్రతల వంటి పట్టికల గుణకారంలో క్రమానికి ప్రాధాన్యం లేదు. మూడు నాలుగుల పన్నెండు, నాలుగు మూళ్ల పన్నెండు. కానీ నిత్యజీవితంలో పనులన్నీ అలా ఉండవు. బియ్యం కడిగి వండడం వేరు, వండి కడగడం వేరు. 1925లో వెర్నర్ హైజెన్‌బర్గ్ ప్రారంభించిన క్వాంటమ్ యాంత్రికశాస్త్రంలో కణం స్థానం, ద్రవ్యవేగం కూడా ఇలాంటివే. వాటి గుణకారంలో క్రమం మారితే ఫలితం మారుతుంది. అక్కడ స్థానం, ద్రవ్యవేగం రెండూ కచ్చితంగా నిర్ణయమైన బిందువు అంటూ ఉండదు. మరి అలాంటి లోకానికి జ్యామితి ఉంటుందా?

ఉంటుందన్నది ఫ్రెంచి గణితవేత్త అలెన్ కోన్ సమాధానం. ఆయన 1982 సంవత్సరపు ఫీల్డ్స్ పతకం పొందారు. ఆయన ఆలోచనను ఒక నడకతో అర్థం చేసుకోవచ్చు. ఒక వృత్తాకారపు బాటపై అనేకమంది సమానమైన అడుగులతో ముందుకూ వెనక్కూ అంతులేకుండా నడుస్తున్నారనుకుందాం. ఎన్నిసార్లు చుట్టినా మొదటి అడుగుపైనే తిరిగి అడుగు పడనంత విచిత్రమైన నిష్పత్తి వారి అడుగుకు ఉంది. ఇప్పుడు ఒక్కో మనిషి అడుగుజాడలన్నింటినీ కలిపి ఒకే ‘బిందువు’గా లెక్కించాలి. చిక్కు ఏమిటంటే, బాటలో ఎంత చిన్న ముక్క తీసుకున్నా అందులో ప్రతి ఒక్కరి అడుగుజాడా ఉంటుంది. కాబట్టి ఏ అవిచ్ఛిన్న ప్రమేయమూ ఒకరిని మరొకరి నుంచి వేరుచేసి చూపలేదు. పాత పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది.

కోన్ మార్గంలో రెండు చర్యలు మిగులుతాయి: ఉన్నచోటి గుర్తును చదవడం, ఒక అడుగు వేయడం. చదివి అడుగు వేయడానికీ, అడుగు వేసి చదవడానికీ తేడా ఉంది. క్రమానికి లోబడిన ఈ బీజగణితాన్నే ఆ స్థలంగా భావించి, దానిపై దూరం, వైశాల్యం వంటి భావనలను నిర్మించడమే నాన్‌కమ్యుటేటివ్ జ్యామితి.

కోల్‌కతా వంతు

ఆశుతోష్ 1908లో కలకత్తా మేథమెటికల్ సొసైటీని నెలకొల్పి తొలి అధ్యక్షులయ్యారు. నగరంలో ఉత్తరాన బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ సంప్రదాయం కొనసాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు అక్కడ తీర్చిదిద్దిన శిష్యుల్లో కె.ఆర్.పార్థసారథి ఒకరు. క్రమం మారితే ఫలితం మారే రాశులకు సంభావ్యతా శాస్త్రాన్ని విస్తరింపజేస్తూ ఆయన రాబిన్ హడ్సన్‌తో కలిసి 1984లో ప్రసిద్ధ పత్రం ప్రచురించారు.

అదే సంస్థకు చెందిన దేబాశిష్ గోస్వామి 2009లో ‘క్వాంటమ్ ఐసోమెట్రీ గ్రూప్’ భావనను ప్రవేశపెట్టారు. చతురస్రాన్ని 90 డిగ్రీలు తిప్పినా అలాగే కనిపిస్తుంది. దీన్ని సౌష్ఠవం అంటారు. కంటికి కనిపించని క్వాంటమ్ సౌష్ఠవాలు కూడా ఉంటాయా అన్నది ఆయన పరిశోధన. ఆయనకు 2012లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

బీజీయ జ్యామితిలో అక్కడి ఆచార్యురాలు నీనా గుప్తా మరో పాఠం నేర్పారు. ఒక ఆకారానికి సరళరేఖను జోడించి ఒక మితి పెంచగా సాధారణ చతుర్మితీయ అంతరాళమే వచ్చిందనుకుందాం. అప్పుడు మొదటి ఆకారం సాధారణ త్రిమితీయ అంతరాళమే అయి ఉండాలని మనసుకు తోస్తుంది. ఆస్కార్ జరిస్కీ పేరుతో ప్రసిద్ధమైన ప్రశ్న ఇది. గడియారం ముల్లులా ఒక సంఖ్య చేరగానే మళ్లీ సున్నాకు వచ్చే లెక్కల్లో అది నిజం కాదని 2014లో ప్రచురితమైన పత్రంలో ఆమె నిరూపించారు. 2021లో ఆమెకు రామానుజన్ బహుమతి దక్కింది.

కంటికి, మనసుకు తోచినదే నిజమని నమ్మితే ఇక్కడ పొరపాటు తప్పదు. ఆ పొరపాటును పట్టిచ్చింది బీజగణితం. మనకు అలవాటైన వాస్తవ సంఖ్యల లెక్కల్లో మాత్రం మూడు, అంతకు మించిన మితులకు జరిస్కీ ప్రశ్న ఇంకా తేలలేదు.