ఓడ ఒడ్డుకెందుకు రాదు?

ఫిల్మ్ నగర్ సినిమాల్లో హీరో ఓడ దిగితే నేరుగా రేవులోనే అడుగు పెడతాడు. నిజంగా చాలాచోట్ల అలా కుదరదు. పెద్ద ప్రయాణికుల ఓడ అడుగు నీటిలో ఏడెనిమిది మీటర్ల లోతున ఉంటుంది. తీరం దగ్గర అంత లోతు లేకపోతే ఇసుకలో కూరుకుపోతుంది. అందుకే దూరంగా లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవలో జనాన్ని దించుతారు. ఓడ గాలికి అడ్డుగోడలా నిలిస్తే దాని చాటున నీరు కాస్త నెమ్మదిస్తుంది. పడవ ఆ పక్కకే వచ్చి ఆగుతుంది.

1933లో ఓడరేవు తెరిచేదాకా విశాఖలోనూ ఓడలు దూరంగానే ఆగేవి. అక్కడి నుంచి జనాన్ని అలలు విరిగే చోటు దాటించేది మసూలా పడవ. దాని పలకలను మేకులు లేకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. మేకులైతే గట్టిగా ఉంటాయి కదా అంటారా? ఆ బిగువే ముప్పు: అల ఎత్తి నేలకేస్తే చెక్క పగులుతుంది. కుట్టు పడవ కాస్త వంగి తట్టుకునేది. మరి సముద్రాన్నే లోతుగా తవ్వొచ్చుగా? విశాఖలో తవ్వారు. కానీ తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక మళ్లీ పూడ్చేస్తుంది. దాన్ని ఆపడానికి అక్కడ రెండు పాత ఓడలనే ముంచి అడ్డుకట్ట చేశారు! అయినా తవ్వకం తప్పలేదు. అంతెందుకు, కాకినాడ లంగరు రేవులో సరుకు నేటికీ బార్జీల మీదే ఓడకు చేరుతుంది.